ఇంటి వైరింగ్ వచ్చినవాళ్లు సోలార్‌లోకి రావాలంటే: 3 కిలోవాట్ల డాబా పని మొదటి నుంచి చివరిదాకా

ప్రశ్న ఇది: "ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. ఇళ్ల వైరింగ్, మోటారు స్టార్టర్ల పని వచ్చు. సోలార్ ఇన్‌స్టాలర్‌గా చేరదామనుకుంటున్నాను. కొత్తగా ఏం నేర్చుకోవాలి? పనిలో తేడా ఎక్కడ కొడుతుంది?"

వైరింగ్ వచ్చు కాబట్టి సగం పని వచ్చేసినట్టే అని మీకు చాలామంది చెబుతారు. ఏసీ వైపు వరకు ఆ మాట నిజమే. డాబా మీద మాత్రం ఆ ధీమా పనికిరాదు. ఇంట్లో మెయిన్ దించితే లైను చచ్చిపోతుంది. ప్యానెల్‌కు మెయిన్ అనేదే లేదు. ఎండ ఉన్నంతసేపు దాని రెండు చివర్లలో కరెంటు సిద్ధంగా ఉంటుంది. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే 300 వోల్టుల డీసీ చేతిలో ఉన్నట్టే. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి స్విచ్చి తీసినప్పుడు వచ్చే మెరుపు దానంతటదే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. నడుస్తున్న స్ట్రింగ్‌లో (వరసగా కలిపిన ప్యానెళ్ల గొలుసులో) కనెక్టర్ పీకితే ఆర్క్, అంటే ఆ మెరుపు, సాగుతూనే ఉంటుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, చెయ్యి కాలుతుంది. అందుకే ముందుగా ఒంటబట్టించుకోవాల్సిన క్రమం ఇది: ఆపేటప్పుడు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు తీగను విడదీసే స్విచ్చి), క్లాంప్ మీటరుతో డీసీ తీగలో ఆంప్స్ సున్నా అని చూసుకోవడం, ఆ తర్వాతే కనెక్టర్ మీద చెయ్యి. ఆంప్స్ సున్నా అయినా వోల్టేజీ మాత్రం ఉంటుందని మర్చిపోకూడదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ప్యానెల్ తనంతట తాను చెడిపోయి వచ్చే కంప్లైంట్లు తక్కువ. జాయింటు, స్లాబులో కొట్టిన రంధ్రం, ఎర్త్ అనే మూడు చోట్ల చేసిన తొందర పని వల్ల వచ్చేవే ఎక్కువ. ఫొటోలో కనపడనివీ, ఇంటాయన అడగనివీ ఇవే.

పని సర్వేతో మొదలవుతుంది. టేపు, దిక్సూచి తీసుకుని డాబా ఎక్కాలి. 540 వాట్ల ప్యానెల్ దాదాపు 2278 × 1134 మి.మీ. ఉంటుంది, బరువు 28 కిలోల దగ్గర. 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు పడతాయి. ప్యానెళ్ల వరకే చూస్తే 170 చదరపు అడుగుల లోపే. చుట్టూ నడవడానికి, కడగడానికి దారి వదిలితే 250 నుంచి 300 చదరపు అడుగులు కావాలి. ముఖం దక్షిణానికి, వాలు 10 నుంచి 15 డిగ్రీలు. మన దగ్గర దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కానీ దిక్సూచిని ఇనుప రాడ్ల పక్కన పెట్టి చూడకండి.

నీడ లెక్క నోటికి రావాలి. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. డిసెంబరు 21న ఉదయం 9 ప్రాంతంలో సూర్యుడు ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు ఒక అడుగు ఎత్తున్న వస్తువు నీడ ఉత్తరం వైపు 1.15 అడుగులు, పడమర వైపు 1.3 అడుగులు పడుతుంది. మధ్యాహ్నం 3కి అంతే నీడ తూర్పు వైపు తిరుగుతుంది. దక్షిణాన 3 అడుగుల పిట్టగోడ ఉంటే మూడున్నర అడుగులు వదలాలి. మన ఇళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి నీళ్ల ట్యాంకు. వాస్తు ప్రకారం దాన్ని నైరుతిలో ఎత్తుగా కడతారు. సోలార్‌కు అంతకంటే చెడ్డ మూల లేదు, చలికాలం మధ్యాహ్నం నీడంతా డాబా మధ్యలోకి వస్తుంది. ప్యానెళ్లు ఉన్న మట్టం కంటే ట్యాంకు 8 అడుగులు ఎత్తుగా ఉంటే 3 గంటలకు నీడ ఉత్తరానికి 9 అడుగులు, తూర్పుకు 10 అడుగులకు పైగా పాకుతుంది. ట్యాంకు జరపమంటే ఎవరూ ఒప్పుకోరు. ప్యానెళ్లనే జరపాలి, లేదా స్ట్రక్చర్ ఎత్తు పెంచాలి. పక్క ఖాళీ స్థలంలో ఇల్లు లేస్తుందా అని కూడా అడగండి.

సర్వే రోజే కరెంటు బిల్లు తీసుకుని మూడు చూడాలి: సర్వీస్ ఎవరి పేరున ఉంది, కాంట్రాక్టెడ్ లోడ్ ఎంత, సింగిల్ ఫేజా త్రీ ఫేజా. పీఎం సూర్యఘర్ పథకంలో రాయితీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000కు మించదు. అది వెండర్‌కు రాదు, వినియోగదారుడి బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీటరు చనిపోయిన తండ్రి పేరున, ఖాతా కొడుకు పేరున ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. పేరు మార్పు ముందు చేయించి, ఆ తర్వాత మెటీరియల్ దించండి. రాయితీ కావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే వాడాలి, అంటే సెల్ కూడా దేశంలో తయారైనదై ఉండాలి. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేదని 2024లో నిబంధన మారింది కాబట్టి ఆ మెట్టు దగ్గర ఇప్పుడు పెద్దగా ఆగదు.

స్ట్రింగ్ లెక్కకు వద్దాం. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (దేనికీ కలపనప్పుడు చూపేది) 49.5 అనుకోండి. ఆరింటికి 297. చలి పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి 0.27 శాతం చొప్పున. 25 డిగ్రీల దగ్గర ఇచ్చిన అంకె కాబట్టి 10 డిగ్రీల ఉదయానికి 4 శాతం కలపాలి, 309 అవుతుంది. ఆదిలాబాద్ వైపు, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రత వేసుకోండి. 550 లేదా 600 వోల్టుల దాకా తట్టుకునే సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్‌కు (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టెకు) ఆరు ప్యానెళ్లతో ఇబ్బంది లేదు. పది, పదకొండు ఒకే వరసలో కలిపేటప్పుడే ఈ లెక్క ప్రాణం కాపాడుతుంది. అందరూ మర్చిపోయేది కరెంటు. ఈ ప్యానెల్ 13 ఆంప్స్ దగ్గర నడుస్తుంది, షార్ట్ సర్క్యూట్ కరెంటు 14 దాకా ఉంటుంది. గోదాములో మిగిలిన పాత మోడల్ ఇన్వర్టర్ ఇన్‌పుట్ 11 లేదా 12.5 ఆంప్స్‌కే పరిమితం అయితే మధ్యాహ్నం ఉత్పత్తి అక్కడే కోసేస్తుంది. డేటా షీటు చూడకుండా జత కట్టకండి.

ఇక స్ట్రక్చర్. "కింద బట్టలు ఆరేసుకోవాలి, 8 అడుగుల ఎత్తు కావాలి" అని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ఇవ్వొచ్చు, కానీ గాలి లెక్క తెలిసి ఇవ్వాలి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కు తీసుకునే మౌలిక గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నం, నెల్లూరులకు 50 మీటర్లు. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగం వర్గానికి 0.6 రెట్లు, చదరపు మీటరుకు 1500 న్యూటన్లు. ఒక ప్యానెల్ వైశాల్యం 2.58 చ.మీ. కాబట్టి దాని మీద దాదాపు 390 కిలోల బలం. వాలును బట్టి, ఎత్తును బట్టి గుణకాలు మారతాయి. అందులో సగమే వేసుకున్నా ఆరు ప్యానెళ్లకు టన్ను దాటుతుంది. ఒక అడుగు ఘనం సిమెంటు దిమ్మ బరువు 65 కిలోలు. ఆరు దిమ్మలు పెట్టి, స్లాబుకు కట్టకుండా 8 అడుగుల స్ట్రక్చర్ నిలబెట్టడమంటే గాలికి గొడుగు పట్టినట్టే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వచ్చినప్పటి గాలిని చూసినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాళ్లు వీలైనంతవరకు కింద బీమ్ ఉన్నచోట దించాలి. పై అంతస్తు కోసం వదిలిన కాలమ్ రాడ్లు ఉంటే ఇంకా మంచిది, వాటిని దిమ్మలోకి తీసుకుని కట్టొచ్చు. స్లాబులోనే బోల్టు వేయాల్సి వస్తే కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురులాంటి కెమికల్ నింపి రాడ్డు దించేది) వేయండి. కొట్టి బిగించే ఫాస్టనర్ కాంక్రీటును లోపల నుంచి నెడుతుంది, సన్నని చీలిక వస్తుంది, రెండో వానాకాలానికి కింద సీలింగ్ మీద చెమ్మ మచ్చ కనపడుతుంది. 12 మి.మీ. బోల్టుకు 14 మి.మీ. బిట్టు. స్లాబు 5 అంగుళాలుంటే లోతు మూడున్నరకు మించకూడదు. ఇక్కడొక మెలిక ఉంది: డాబా పైన వాటర్‌ప్రూఫింగ్ పొరో, టైల్సో రెండు మూడు అంగుళాలు ఉంటాయి. మూడు అంగుళాలు కొట్టేసి అయిపోయిందనుకుంటే బోల్టు ఆ పొరలోనే ఉంటుంది, కాంక్రీటును పట్టుకోదు. బిట్టు నుంచి వచ్చే పొడి రంగు మారడం గమనించండి, ఎర్రటి ఇటుక పొడి పోయి బూడిద రంగు వచ్చాకే లోతు లెక్కపెట్టాలి. కొట్టేముందు కింది గదికి వెళ్లి ఫ్యాన్ ఎక్కడుందో, దాని పైపు ఏ గోడకు దిగుతుందో చూడండి. స్లాబులో పైపు తెగితే మీరు సోలార్ పని ఆపి ఇంటి వైరింగ్ పని చేయాల్సి వస్తుంది.

రంధ్రంలో పొడి ఊదాలి, బ్రష్ తిప్పాలి, మళ్లీ ఊదాలి. పొడి ఉంటే కెమికల్ గోడను కాకుండా పొడిని అంటుకుంటుంది. ట్యూబు ముక్కు అడుగుదాకా పెట్టి, నింపుకుంటూ పైకి రావాలి. రాడ్డు తిప్పుతూ దించి, ట్యూబు మీద రాసిన సమయం దాకా ముట్టకూడదు. బేస్ ప్లేటు బిగించాక చుట్టూ నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరాక కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) వాలుగా వేయాలి, నీళ్లు నిలవకుండా.

స్ట్రక్చర్ ఇనుము హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసినదే తీసుకోవాలి, పూత 80 మైక్రాన్లు ఉండాలి. సైటులో కోసినా, వెల్డింగ్ చేసినా ఆ చోట పూత పోయినట్టే, జింక్ రిచ్ పెయింట్ రెండు కోట్లు తప్పదు. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరంలో కోసిన చివర ఆరు నెలలకే తుప్పు కారుస్తుంది. బోల్టులు 304 స్టెయిన్‌లెస్.

ప్యానెళ్లు మోయడం దగ్గర మన టీములు చేసే తప్పు అందరికీ తెలిసిందే: నెత్తిన పెట్టుకుని మెట్లెక్కడం. గాజు పగలదు కాబట్టి బాగానే ఉందనుకుంటారు. లోపల సెల్ మందం మి.మీ.లో ఐదో వంతు కూడా ఉండదు. నడిమధ్య తల ఆనించి, అడుగడుక్కీ ఊగుతూ తీసుకెళ్తే సెల్స్‌లో వెంట్రుకవాసి చీలికలు వస్తాయి. ఆ రోజు మీటరులో తెలియదు. రెండు మూడేళ్లకు అక్కడ వేడి పుట్టి గోధుమరంగు మచ్చ తేలుతుంది. ఇద్దరు మనుషులు, ఫ్రేము పట్టుకుని, నిలువుగా మోయాలి. వెనక జంక్షన్ బాక్స్ తీగలు పట్టుకుని ఎత్తకూడదు. బిగించేటప్పుడు ప్యానెల్ మీద మోకాలు ఆనించకూడదు. పైకి ఎక్కించే ముందే ప్రతిదాని సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి, ఓపెన్ వోల్టేజీ కొలిచి రాసుకోండి. లేబుల్ వెనక ఉంటుంది, బిగించాక రాయితీ పోర్టల్‌లో నంబర్లు అడిగినప్పుడు పాకుతూ వెళ్లి చూడాల్సి వస్తుంది. కొలిచిన వాటిలో ఒకటి మిగతావాటికంటే 16 వోల్టులు తక్కువ చూపిస్తే ఒక బైపాస్ డయోడ్ (ప్యానెల్‌లోని మూడు భాగాల్లో ఒక్కోదానికి ఒకటి ఉంటుంది) షార్ట్ అయిందని అర్థం, ఆ ప్యానెల్‌ను పక్కన పెట్టండి.

క్లాంపులు పొడవు వైపు చివర నుంచి నాలుగో వంతు, ఐదో వంతు మధ్య పడాలి. ఎక్కడ పడితే అక్కడ బిగిస్తే వారంటీ పోతుంది, గాలికి గాజు వంగుతుంది. ఎం8 బోల్టుకు చాలా ప్యానెళ్ల మాన్యువల్స్‌లో 16 నుంచి 20 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. టార్క్ రెంచి కొనండి. చేత్తో బిగించేవాళ్లు పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ బిగిస్తారు. పక్క పక్క ప్యానెళ్ల మధ్య 20 మి.మీ. వదలండి.

వాలు 10 డిగ్రీల కంటే బాగా తగ్గిస్తే వాన నీళ్లు కింది ఫ్రేము దగ్గర ఆగి, ఎండిపోయి, అంగుళం వెడల్పున మట్టి గీత పేరుకుంటుంది. చూడటానికి చిన్నదే. కానీ హాఫ్ కట్ ప్యానెల్‌ను (సెల్స్‌ను సగానికి కోసి, పై సగం, కింది సగం విడివిడిగా కలిపినదాన్ని) నిలువుగా బిగిస్తే ఆ గీత అడుగు వరస సెల్స్ అన్నింటినీ కప్పుతుంది, అవి మూడు భాగాలకూ చెందినవి కాబట్టి కింది సగం మొత్తం పడిపోతుంది. అదే అడ్డంగా బిగించి ఉంటే మూడో వంతుతో పోతుంది. వాలు తగ్గించక తప్పని చోట ఈ లెక్క చూసి నిలువా అడ్డమా తేల్చుకోండి.

డీసీ తీగ 4 చ.మి.మీ. సోలార్ కేబులే వాడాలి. ఎండకు తట్టుకునే ఇన్సులేషన్ దానిదే. ఇంటి వైరు ఎర్రదీ నల్లదీ తెచ్చి వేసే మహానుభావులు ఇంకా ఉన్నారు. డాబా నుంచి ఇన్వర్టర్ 30 మీటర్లు అనుకుంటే రానూపోనూ 60 మీటర్లు, 13 ఆంప్స్‌కు 4 వోల్టులు పోతాయి, 250లో ఒకటిన్నర శాతం పైచిలుకు. అంతకంటే దూరమైతే 6 చ.మి.మీ. వేయండి. ప్లస్, మైనస్ తీగలు పక్కపక్కనే పోవాలి. ఒకటి డాబా చుట్టూ, ఇంకొకటి మధ్యలోంచి పోతే పెద్ద వలయం ఏర్పడి దగ్గరలో పిడుగు పడినప్పుడు అందులో వోల్టేజీ పుడుతుంది.

ఇప్పుడు ఎంసీ4 కనెక్టర్, అంటే ప్యానెల్ తీగలను కలిపే ప్లగ్గు. ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ తగలబడేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఇన్సులేషన్ 7 మి.మీ. ప్రాంతంలో తీయాలి, ఒక్క పోగు కూడా తెగకూడదు. పిన్నులో దూర్చి, పిన్ను పక్కన ఉన్న చిన్న కంతలోంచి రాగి కనపడుతోందో లేదో చూడాలి. క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పిన్ను చప్పటవుతుంది గానీ పోగుల మధ్య గాలి మిగులుతుంది. ఆ గాలే వేడి. నొక్కాక లాగి చూడండి. పిన్ను హౌసింగ్‌లోకి టక్కుమని శబ్దం వచ్చేదాకా నెట్టండి, శబ్దం రాకపోతే పిన్ను వెనక్కి జారుతుంది, కనెక్టర్లు కలిసినట్టే ఉంటాయి కానీ లోపల అంటీముట్టనట్టు ఉంటుంది. వెనక నట్టు స్పానర్‌తో బిగించాలి, చేత్తో కాదు, లేకపోతే రబ్బరు తీగను పట్టదు, వాన లోపలికి పోతుంది. రెండు వైపులా ఒకే కంపెనీది ఉండాలి. వేరే కంపెనీది దూరుతుంది, బిగుసుకుంటుంది కూడా. కానీ లోహపు పూత, స్ప్రింగు కొలత వేరు కాబట్టి కొన్నాళ్లకు నల్లబడి కరుగుతుంది. ప్యానెల్‌తో వచ్చిన కనెక్టర్ ఏ రకమో చూసి, అదే రకం కొనండి.

కనెక్టర్లు స్లాబు మీద పడుకోకూడదు. పర్లిన్‌కు (ప్యానెళ్ల కింద ఉండే స్ట్రక్చర్ కమ్మీకి) కట్టాలి. మామూలు నైలాన్ టై ఎండకు పెళుసై తెగిపోతుంది, కనెక్టర్ జారి నీటి మడుగులో కూర్చుంటుంది. స్టెయిన్‌లెస్ క్లిప్పులు వాడండి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో వేలాడే తీగ కనపడిందంటే అది లాగబడినట్టే. అలాంటి చోట్ల, ఉడతలు తిరిగే చోట్ల తీగ మొత్తం పైపులో పోవాలి.

డీసీ బాక్సులో ఎస్‌పీడీ (పిడుగు వల్ల ఒక్కసారిగా వచ్చే వోల్టేజీని ఎర్త్‌కు మళ్లించేది), డీసీ ఐసొలేటర్ లేదా డీసీ ఎంసీబీ ఉంటాయి. ఒకే స్ట్రింగ్ ఉంటే ఫ్యూజు వల్ల ప్రయోజనం లేదు, ఎదురు కరెంటు పంపడానికి ఇంకో స్ట్రింగ్ ఉండదు కదా. డీసీ ఎంసీబీల్లో చాలావాటికి ప్లస్ మైనస్ గుర్తులుంటాయి, తిరగేసి కలిపితే లోపల ఆర్క్ తప్పు దిశలో పోయి బ్రేకరే కాలుతుంది. ఏసీ ఎంసీబీ ఇక్కడ వాడనే కూడదు. తీగలన్నీ బాక్సు అడుగు నుంచే ఎక్కాలి, ఖాళీ గ్లాండ్లు (తీగ దూరే మూతులు) మూయాలి. మూయకపోతే బల్లి దూరుతుంది. బల్లి రెండు టెర్మినల్స్ మధ్య పడుకుంటే మిగతాది మీరు ఊహించగలరు.

ఇన్వర్టర్ నీడలో, గాలి ఆడే గోడకు, చుట్టూ అడుగు ఖాళీతో పెట్టాలి. అందంగా ఉండాలని చెక్క అల్మారాలో పెట్టించుకుంటే మే నెలలో వేడెక్కి తనే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. 3 కిలోవాట్లకు ఏసీ వైపు 13 ఆంప్స్ వస్తాయి, 20 ఆంప్స్ ఎంసీబీ సరిపోతుంది. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు లీకైతే పడిపోయే బ్రేకర్) వేస్తే తడి ఉదయాల్లో ఊరికే పడిపోతుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్‌కు సహజంగానే కొంత లీకేజీ ఉంటుంది. ఇన్వర్టర్ మాన్యువల్ చెప్పిన విలువ, సాధారణంగా 100 లేదా 300 మిల్లీ ఆంప్స్, ఇన్వర్టర్ లైనుకు వేసి, ఇంటి సర్క్యూట్ల 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీని అలాగే ఉంచండి.

ఏసీ తీగ మందం దగ్గర ఇంటి వైరింగ్ వాళ్లు తడబడతారు. 13 ఆంప్స్‌కు 2.5 చ.మి.మీ. చాలు కదా అనుకుంటారు. తీగ కాలదు, నిజమే. కానీ సోలార్ కరెంటు లైన్‌లోకి పోవాలంటే ఇన్వర్టర్ తన వోల్టేజీని లైను కంటే పైకి ఎత్తాలి. 40 మీటర్ల 2.5 తీగలో దాదాపు 8 వోల్టులు పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరున్న ఊరి ఇంట్లో మధ్యాహ్నం లైనే 246 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 254 అవుతుంది. 253 దగ్గర కటాఫ్ పెట్టి ఉన్న ఇన్వర్టర్ ఓవర్ వోల్టేజీ అని పడిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. సరిగ్గా ఎండ మండే వేళలోనే ఇలా అవుతుంది. 6 చ.మి.మీ. రాగి వేస్తే ఆ 8 కాస్తా 3కు దిగుతుంది. లైనే 250 దాటుతుంటే తీగ మార్చి లాభం లేదు, రీడింగులు రాసి డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థకు) ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి వోల్టేజీ తగ్గించమని ఫిర్యాదు ఇవ్వాలి.

ఎర్తింగ్‌కు మూడు గుంతలు: ప్యానెళ్లు, స్ట్రక్చర్‌కు ఒకటి, ఇన్వర్టర్, ఏసీ బాక్సుకు ఒకటి, లైట్నింగ్ అరెస్టర్‌కు (పిడుగును పట్టే కడ్డీకి) ఒకటి. నిరోధం 5 ఓమ్స్ లోపు ఉండేలా చూసుకోండి. ఎర్త్ టెస్టర్‌తో కొలవకుండా, బల్బు వెలిగిందని సరిపెట్టుకోకూడదు. హైదరాబాద్ రాతి నేలలో 3 మీటర్ల రాడ్డు దిగదు. సగం దిగాక మిగతాది కోసేసి మట్టి కప్పడం చాలా చోట్ల జరుగుతుంది, కస్టమర్ చూసేది మూత మాత్రమే. చిన్న బోరు వేయించి ఎర్తింగ్ కాంపౌండ్ నింపండి. కుదరకపోతే రెండు రాడ్లు, మధ్య దూరం రాడ్డు పొడవుకు తగ్గకుండా వేసి కలపండి. ప్యానెల్ ఫ్రేముకు పైన కనపడని పూత ఉంటుంది, అది కరెంటును పోనివ్వదు. ఎర్త్ గుర్తు ఉన్న కంతలోనే, పూతను గీరే పళ్ల వాషర్ వేసి బిగించాలి. కొత్త కంత కొట్టకండి. అరెస్టర్ స్తంభం ఉత్తరం వైపు నిలబెట్టండి, దాని నీడ ప్యానెళ్ల మీద పడకుండా. దాని తీగ డీసీ కేబుల్ ఉన్న పైపులోంచి దించొద్దు.

నెట్ మీటరు (లోపలికి వచ్చే, బయటికి పోయే యూనిట్లను విడివిడిగా లెక్కించేది) పెట్టకముందు సిస్టమ్‌ను ఆన్ చేసి వదిలేయమని ఇంటివాళ్లు తొందరపెడతారు. చేయకండి. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు బయటికి పోయే యూనిట్‌ను కూడా లోపలికి వచ్చినట్టే లెక్కిస్తాయి, నెల తిరిగేసరికి బిల్లు పెరిగి కూర్చుంటుంది. టెస్టింగ్‌కు కాసేపు నడిపి ఆపేయండి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందనీ, లైన్‌మన్ ప్రాణం కోసం అలా పెట్టారనీ, బ్యాకప్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ వేరే ఖర్చనీ అడ్వాన్సు తీసుకునే రోజే చెప్పేయాలి.

"3 కిలోవాట్లు పెట్టించాం, 2.6 కంటే ఎక్కువ చూపించట్లేదు" అనే ఫోన్ ఏప్రిల్, మేలో తప్పక వస్తుంది. సెల్ వేడి 65 డిగ్రీలకు చేరితే డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోతుంది, దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ ఇంకొంత తింటాయి. అది లోపం కాదు. సగటున కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు, అంటే 3 కిలోవాట్లకు 12 ప్రాంతంలో వస్తుంటే సిస్టమ్ బాగున్నట్టే. జులై, ఆగస్టు మబ్బులకు తగ్గుతుంది.

నిజమైన లోపాల్లో మీకు ఎక్కువ ఎదురయ్యేది ఇన్సులేషన్ ఫాల్ట్. రాత్రి వాన పడి, ఉదయం ఇన్వర్టర్ ఎర్ర లైటుతో ఐసో ఫాల్ట్ చూపిస్తుంది, 11 గంటలకు ఎండెక్కాక దానంతటదే లేస్తుంది. ఎక్కడో తీగ ఒరిసిపోయి ఇనుమును తాకుతోందని, లేదా కనెక్టర్‌లో నీళ్లున్నాయని అర్థం. మధ్యాహ్నం వెళ్తే దొరకదు, తడిగా ఉన్నప్పుడే వెళ్లాలి. ఇన్వర్టర్ ఆపి, స్ట్రింగ్‌ను దాని నుంచి విడదీసి, రబ్బరు గ్లోవ్స్ వేసుకుని మూడు కొలతలు తీయండి: ప్లస్ నుంచి మైనస్, ప్లస్ నుంచి ఎర్త్, మైనస్ నుంచి ఎర్త్. బాగున్న స్ట్రింగ్‌లో ఎర్త్ కొలతలు రెండూ జారుకుంటూ సున్నాకు వెళ్తాయి. ఫాల్ట్ ఉంటే నిలబడతాయి. మొత్తం 288, ప్లస్ ఎర్త్ 192, మైనస్ ఎర్త్ 96 వచ్చాయనుకోండి. ప్యానెల్‌కు 48 కాబట్టి 96 అంటే రెండు ప్యానెళ్లు. మైనస్ చివర నుంచి లెక్కపెట్టి రెండో, మూడో ప్యానెళ్ల మధ్య ఉన్న కనెక్టర్ దగ్గరికి నేరుగా వెళ్లండి. ఆరు ప్యానెళ్లూ విప్పే పని తప్పుతుంది.

కడిగే విషయంలో రెండు మాటలు ఇంటివాళ్లకు చెప్పి రండి: ఉదయాన్నే గానీ సాయంత్రం గానీ కడగాలి, కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదు. ఉప్పు బోరు నీళ్లు ఆరితే తెల్లటి పొర కడుతుంది కాబట్టి వైపర్‌తో లాగేయాలి. ఫిల్టర్ నుంచి వృథాగా పోయే ఆర్‌ఓ నీళ్లు పట్టి వాడేవాళ్లున్నారు, వాటిలో ఉప్పు మామూలు నీళ్లకంటే ఎక్కువ.

చదువు సంగతి. మీకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఉంది కాబట్టి జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలోని సూర్యమిత్ర శిక్షణకు అర్హత ఉంటుంది. 600 గంటలు, మూడు నెలల కోర్సు. ఇప్పుడే ఐటీఐలో చేరే తమ్ముళ్లుంటే సోలార్ టెక్నీషియన్ అని ఏడాది ట్రేడు కూడా ఉంది. సర్టిఫికెట్‌తో పాటు మీ రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్ తీసుకోండి, రేపు సొంతంగా కాంట్రాక్టు లైసెన్సుకు వెళ్లాలన్నా మెట్టు అదే.

చేరేటప్పుడు కిలోవాట్‌కు ఇంత అని లేబర్ రేటు మాట్లాడే టీములు, నెల జీతం ఇచ్చే కంపెనీలు రెండూ కనపడతాయి. కిలోవాట్ రేటులో డబ్బు త్వరగా కనపడుతుంది, కానీ రోజుకో సైటు ముగించాలనే ఒత్తిడిలో ఎర్త్ గుంత లోతు తగ్గుతుంది, కనెక్టర్ల క్రింపింగ్ కూడా కటింగ్ ప్లయర్‌తోనే అయిపోతుంది. మొదటి ఏడాది సర్వీస్ కాల్స్‌కు కూడా పంపే కంపెనీలో, జీతం కాస్త తక్కువైనా చేరడం మేలని నా అభిప్రాయం. ఇతరుల సైట్లలో కరిగిన కనెక్టర్లు విప్పి చూసినవాడికి పని తొందరగా వస్తుంది. చేరిన రోజే హార్నెస్, లైఫ్‌లైన్ ఇస్తారా అని అడగండి. రేకుల షెడ్డు మీదికి పంపుతూ అవి ఇవ్వనివాళ్ల దగ్గర చేరొద్దు, పాత సిమెంటు రేకు మనిషి బరువుకు ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. సొంతంగా కొనాల్సినవి: 1000 వోల్టులకు రేటింగ్ ఉండి డీసీ ఆంప్స్ చూపే క్లాంప్ మీటర్, అసలు క్రింపింగ్ టూల్, ఎంసీ4 స్పానర్ల జత, టార్క్ రెంచి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు), ఎర్త్ టెస్టర్ కంపెనీవి వాడుకోవచ్చు. మామూలు క్లాంప్ మీటర్లలో చాలావాటికి డీసీ ఆంప్స్ ఉండదు, ఏసీ మాత్రమే చూపిస్తాయి. అలాంటిదాన్ని నడుస్తున్న స్ట్రింగ్‌కు తగిలిస్తే సున్నా కనపడుతుంది. కొనేముందు షాపులోనే బ్యాటరీ లైనుకు తగిలించి చూసుకోండి.